పిలుపు చుట్ట

గుడివాడ స్టేషను వెనక రైసుమిల్లు ఆవరణలో ఊక పోసుకునే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. దివి యంత్రశాల పుట్టింది అందులోనే. తర్వాత బందరు రేవు రోడ్డులో నాలుగెకరాల్లో ఫ్యాక్టరీ కట్టారు. గేటు మీద ఇనప అక్షరాలతో పేరు పెట్టారు. మద్రాసు నుంచి పెద్ద పెద్దవాళ్ళు కార్లలో వచ్చి చూసిపోయేవారు. అయినా దైవాధీనానికి ఫ్యాక్టరీ అంటే ఆ ఊక షెడ్డే. పొద్దుగూకులూ తుమ్ముకుంటూ, కళ్ళు నులుముకుంటూ తనూ, మిల్లు యజమాని కొడుకూ చేసిన పనే.

దైవాధీనం ఆ మిల్లులో ఫిట్టరు. కోడూరు అవతల, సముద్రం అంచున ఉన్న నాచుదిబ్బ అతని సొంతూరు. చేపల వేట మీద బతికే పేట అది. పడవెక్కితే కడుపులో తిప్పే మనిషి కావడంతో వేటకు పనికిరాడని తేల్చి, తండ్రి తీసుకొచ్చి మిల్లులో చేర్చాడు. బేరింగు చప్పుడు విని ఎక్కడ అరిగిందో చెప్పగలిగేవాడు. చదువు మాత్రం అబ్బలేదు. సంతకం పెట్టడం ఒక్కటీ నేర్చుకున్నాడు.

మిల్లు యజమాని కొడుకు పిచ్చేశ్వరరావు మద్రాసులో ఇంజనీరింగు చదివాడు. యుద్ధం ముగిశాక విదేశాల నుంచి ఓడల్లో దిగిన మరమనుషుల దగ్గర, మద్రాసు రేవులోనే మూడేళ్ళు పనిచేసి, యాభయ్యో సంవత్సరంలో ఇంటికొచ్చాడు. అప్పటికి మద్రాసుకీ బొంబాయికీ మరమనుషులు కొత్త కాదు. బస్తాలు దించేవి, బొగ్గు ఎత్తేవి. సిమెంటు నేల ఉంటే చాలు, అలుపన్నది లేకుండా తిరిగేవి. కృష్ణా జిల్లాలో మాత్రం వాటిని నమ్మినవాడు లేడు. ఉయ్యూరు దగ్గర ఒక మోతుబరి ముచ్చటపడి ఒకదాన్ని తెప్పిస్తే, అది చెరుకుతోటలో మోకాలిలోతు దిగబడి వానాకాలమంతా అక్కడే నిలబడిపోయింది. జనం బళ్ళు కట్టుకుని వెళ్ళి మరీ చూసొచ్చారు.

ఒకరోజు పిచ్చేశ్వరరావు దైవాధీనాన్ని షెడ్డులోకి పిలిచాడు.

"మన బురదలో నడిచే మరమనిషిని చేద్దాం. కాళ్ళ సంగతి నువ్వు చూడు, తలకాయ సంగతి నేను చూస్తాను."

"బురదలో దానికేం పనండీ? ఊడుపులకి మనుషులున్నారుగా."

"నలభై తొమ్మిది తుఫానులో మీ అమ్మ ఎలా పోయింది?"

నీళ్ళు వెనకనుంచి తరుముకొస్తుంటే, మెరకకి పరిగెత్తబోయి, పిక్కలదాకా బురదలో కూరుకుపోయిందావిడ. చేతికి అందినట్టే అంది అందలేదని అక్క ముత్యాలమ్మ ఏడుస్తూ చెప్పిన మాట దైవాధీనానికి ఇప్పటికీ వినపడుతూనే ఉంది.

"మనిషిని ఎత్తుకుని, నీళ్ళల్లో పడిపోకుండా మెరకదాకా నడిచే యంత్రం ఊరికి రెండుంటే చాలు. నాకు అదే కావాలి, దైవాధీనం," అన్నాడు పిచ్చేశ్వరరావు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు చెమ్మగిల్లాయి. అది నటన కాదు. ఎన్నేళ్ళు గడిచినా, అంత జరిగాక కూడా, ఆనాటి చెమ్మ నటన కాదనే దైవాధీనం నమ్మాడు. అతన్ని ఎక్కువ బాధపెట్టిందీ అదే.

మొదటి యంత్రం పన్నెండడుగులు నడిచి పంటకాలవలో బోర్లా పడింది. రెండోది నడవనే లేదు. ఒక సాయంత్రం దైవాధీనం కాలవగట్టున కూర్చుని, గేదెలు ఒండులోంచి ఇవతలికి రావడం చూశాడు. అంత బరువున్న జంతువు అంత సులువుగా ఎలా వస్తోంది? గట్టు దిగి, బురదలో పొట్ట ఆనించి పడుకుని మరీ చూశాడు. గిట్ట కిందికి దిగేటప్పుడు రెండుగా విడిపోయి వెడల్పవుతోంది. పైకి లేచేటప్పుడు దగ్గరికి ముడుచుకుని జారుగా వచ్చేస్తోంది. ఒళ్ళంతా ఒండుతో షెడ్డుకి పరిగెత్తుకొచ్చాడు. ఎనిమిది నెలలు తిప్పలుపడి, ఇనప రేకులతో స్ప్రింగు పెట్టి, అలాంటి పాదం చేశాడు.

యాభై రెండులో, దుక్కి దున్ని నీళ్ళు కట్టిన మడిలో, మరమనిషి ఒడ్డునుంచి ఒడ్డుకి నడిచి వెనక్కి తిరిగొచ్చింది. పిచ్చేశ్వరరావు తెల్లపంచెతోనే మడిలోకి దూకి దైవాధీనాన్ని కౌగిలించుకున్నాడు.

"ఇంక నన్ను అండీ గిండీ అన్నావో ఊరుకోను. బావా అని పిలువు."

"బాగోదండీ. నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ. నీ కాళ్ళు లేకపోతే నా తలకాయ ఎక్కడ నిలబడుతుంది? పిలవ్వోయ్!"

"సరే... బావా," అన్నాడు దైవాధీనం సిగ్గుపడుతూ. నాలిక తిరగడానికి ఏడాది పట్టింది. తిరిగాక మరి ఆగలేదు.

*

కాళ్ళు కుదిరాయి గానీ, మెదడుపెట్టెకు రాగితీగ కావాలి. ఆ రోజుల్లో రాగి దొరకడం గగనం. అప్పుడు దైవాధీనం నాచుదిబ్బ వెళ్ళాడు. ఇసకలో నలుగురినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. ఇంటికో రాగి సామాను ఇస్తే పన్నెండు మరమనుషులు తయారవుతాయనీ, అవి కోడూరులో ఒక షెడ్డులో ఊరి పేరున ఉంటాయనీ, తుఫానొస్తే పరిగెత్తుకొస్తాయనీ అన్నాడు.

"యంత్రాలకి దారి ఎవరు చెబుతారు?" అని అడిగాడు అతని బావగారు అప్పయ్య. ముత్యాలమ్మ భర్త. ఏ మాటా ఊరికే నమ్మే మనిషి కాదు.

"పిలిస్తే వస్తాయి బావా. మనూరి మనిషి గొంతు వాటి చెవికి నేర్పుతాం."

"యజమాని పిచ్చేశ్వరరావుగారు కదా. ఆయన మాట కాదని మన మాట వింటాయా?"

"వింటాయి. నాదీ పూచీ."

అప్పయ్య చాలాసేపు అతని మొహంలోకి చూసి, "నీ మొహం చూసి ఇస్తున్నామయ్యా," అన్నాడు. ముత్యాలమ్మ తన పెళ్ళినాటి రాగి బిందె బయటికి తెచ్చి ఇసకలో పెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ లేచారు. చెంబులు, గంగాళాలు, దీపపు సెమ్మెలు. రెండు బళ్ళకెత్తారు.

గొంతు ఎవరిదన్న ప్రశ్నే రాలేదు. మంచు పట్టిన ఉదయాల్లో పడవలకు ఒడ్డు కనపడకపోతే, ముత్యాలమ్మ దిబ్బ మీద నిలబడి పిలిచేది. ఆ పిలుపు పట్టుకుని పడవలు ఇంటికొచ్చేవి. పేటలో అంత గొంతు మరొకరికి లేదు. యాభై ఆరులో ఫ్యాక్టరీ బందరు మారగానే దైవాధీనం అక్కని తీసుకెళ్ళాడు. ఒక పెట్టె ముందు కూర్చోబెట్టి మూడు మాటలు పలికించారు. "ఇటు రండి." "ఎత్తుకోండి." "మెరకకి పదండి." ఆ గొంతు వెంట్రుక లాంటి ఉక్కుతీగ మీదకు ఎక్కింది. ఆ తీగను చిన్న చుట్టగా చుట్టి యంత్రం గుండెల్లోని పెట్టెలో పెడతారు. ఫ్యాక్టరీలో అందరూ దాన్ని పిలుపు చుట్ట అనేవారు. ఆ గొంతు చెవినపడితే మరమనిషి అటు తిరుగుతుంది. వేరే ఎవరు పిలిచినా ఉలకదు, పలకదు.

చుట్టలు చుట్టే పని పెడన ఆడవాళ్ళది. మగ్గాల ఇళ్ళలో పుట్టి, చిన్నప్పటినుంచీ నూలు కండెలు చుట్టిన చేతులు వాళ్ళవి. తీగ తెగకుండా, ముడిపడకుండా చుట్టడం వాళ్ళకే చాతనయ్యేది. అందులో సుగుణ అనే ఆవిడ పెద్దది, నిదానస్తురాలు. సుగుణ చుట్ట తిప్పి ముత్యాలమ్మకు ఆమె గొంతే వినిపించింది.

"ఓలమ్మో, అచ్చం మా అత్తలా ఉందే!" అని ముత్యాలమ్మ పడీ పడీ నవ్వింది. పక్కన నిలబడ్డ పిచ్చేశ్వరరావు వంగి, "అక్కా, ఇంకనుంచీ ఈ పన్నెండుగురూ నీ బిడ్డలు. నువ్వు పిలిస్తే సముద్రంలోకైనా వస్తారు," అన్నాడు.

యాభై ఎనిమిదిలో నాచుదిబ్బలో పరీక్ష చేశారు. తుఫాను లేదు గానీ, వానకు తడిసి నేలంతా చిత్తడిగా ఉంది. కోడూరు షెడ్డు నుంచి యంత్రాలను ఉప్పు పండించే కయ్య దాకా నడిపించుకొచ్చి నిలబెట్టారు. ముత్యాలమ్మ దిబ్బెక్కి పిలిచింది. పన్నెండు ఇనప తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. బురదలో గేదెల్లా అడుగులేసుకుంటూ వచ్చి, ముసలివాళ్ళను ఎత్తుకుని మెరక మీద దించాయి. ఎవరెంత చెప్పినా నమ్మని అప్పయ్యను కూడా ఒకటి ఎత్తేసింది. అంత ఎత్తున, ఇనప చేతుల్లో, ఏం చెయ్యాలో తోచక పంచె సర్దుకుంటున్న అతన్ని చూసి పేటంతా నవ్వింది.

ఆ ఒక్కరోజు చాలు అనుకున్నాడు దైవాధీనం. తన బతుకుకి ఆ ఒక్కరోజు చాలు.

*

ఫ్యాక్టరీ పెరిగింది. పాదం పేరు దేశమంతా పాకింది. బెంగాలు నుంచి, మలబారు నుంచి మనుషులొచ్చారు. ఇద్దరితో మొదలైన చోట నూట అరవై మంది పనిలోకి వచ్చారు. పిచ్చేశ్వరరావుకి అద్దాల గది వచ్చింది. దైవాధీనం వెళ్ళినప్పుడల్లా కుర్చీలోంచి లేచి, "రా బావా" అనేవాడు. అయితే గదిలో ఎప్పుడూ ఇంకెవరో ఉండేవారు. ధాన్యం వర్తకులు, గిడ్డంగుల వాళ్ళు, తెల్ల చొక్కాల గుమాస్తాలు.

"ఏడాదికి ఒకరోజు పనికొచ్చే యంత్రాన్ని మిగతా రోజులు ఊరికే నిలబెట్టడమేమిటండీ?" అని ఒక వర్తకుడు అనడం దైవాధీనం చెవినపడింది. పిచ్చేశ్వరరావు నవ్వి ఊరుకున్నాడు. బావ వాళ్ళ నోరు మూయించలేక నవ్వాడనుకున్నాడు దైవాధీనం.

అరవై మూడు ఆషాఢంలో పిచ్చేశ్వరరావే లేతు మిషను దగ్గరికి వచ్చాడు. చేతిలో ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఉంది.

"బావా, కోడూరు యంత్రాల చుట్టలు ఉప్పుగాలికి తుప్పు పడుతున్నాయి. మార్పిస్తున్నాను. ఇక్కడ సంతకం పెట్టు."

తుప్పు మాట నిజమే. వేసవిలో షెడ్డుకి వెళ్ళినప్పుడు తనే చెప్పాడు. దైవాధీనం చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"అయితే అక్కని మళ్ళీ తీసుకురావాలా?"

"అక్కర్లేదోయ్. పాతదాన్నించే కొత్త తీగ మీదకి ఎక్కించేస్తాం. ఆవిడనెందుకు అంతదూరం తిప్పడం?"

దైవాధీనం సంతకం పెట్టాడు. పిచ్చేశ్వరరావు అతని భుజం తట్టి, ఇంట్లోవాళ్ళ యోగక్షేమాలు అడిగి, వెళ్ళిపోయాడు.

*

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వచ్చింది. ముందురోజు రేడియోలో చెప్పారు. తెల్లవారగానే దైవాధీనం బందరులో బస్సెక్కాడు. చల్లపల్లి దాటేసరికి గాలి పుంజుకుంది. అవనిగడ్డలో బస్సు ఆపేశారు. అక్కడినుంచి సైకిలు పట్టుకుని, సగం తొక్కుతూ సగం నడుస్తూ, మిట్టమధ్యాహ్నానికి కోడూరు చేరాడు. భయం లేదు. తను వచ్చింది యంత్రాలు కదిలే తీరు చూసుకోవడానికే.

షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక్క యంత్రం లేదు. కాపలా వెంకటపతి గోడకి ఒదిగి కూర్చున్నాడు.

"అప్పుడే వెళ్ళినయ్యా? అక్క పిలిచిందా?" అన్నాడు దైవాధీనం సంతోషంగా.

"అక్క కాదండీ. పొద్దున్నే గోడౌను గుమాస్తాగారొచ్చి పిలుచుకెళ్ళాడు. ధాన్యం గోడౌను తడవకుండా బస్తాలు పక్క మిల్లు మేడ మీదకి చేరేస్తున్నయ్యి."

"గుమాస్తా పిలిస్తే రావు వెంకటపతీ."

"ఎందుకు రావండీ? ఆషాఢం నుంచీ ఆయన పిలిస్తేనేగా వస్తున్నయ్యి. మీకు తెలవదా?"

దైవాధీనం సైకిలు అక్కడే పడేసి పరిగెత్తాడు.

గోడౌను కాలవకి ఇవతల ఉంది. కాలవకి అవతల, కనుచూపుమేరలో, నాచుదిబ్బ జనం గట్టు మీదకి చేరుకుంటున్నారు. వాళ్ళ వెనక నీళ్ళు. అల కాదు, అరుపు కాదు, నేలంతా లేచి నడిచొస్తున్నట్టు మట్టిరంగు నీళ్ళు. షెడ్డుకి పిలుపు అందడానికి ముందే అనుకున్న చోట, గట్టు మీద, ముత్యాలమ్మ నిలబడి ఉంది. చీర గాలికి చుట్టుకుపోతోంది. రెండు చేతులూ నోటి దగ్గర దొప్పగా పెట్టుకుని పిలుస్తోంది.

"ఇటూ... రండీ! ఇటూ రండీ!"

ఆ గాలిలో కూడా ఆ గొంతు వినపడింది. దైవాధీనానికి స్పష్టంగా వినపడింది. యంత్రాలు గోడౌనుకీ మిల్లుకీ మధ్య వరసగా నడుస్తున్నాయి. ఒక్కో భుజాన రెండేసి బస్తాలు. అక్కడ బురద మోకాలిదాకా ఉంది. ఒక్కటి కూడా తూలడం లేదు. అతను చేసిన పాదాలు బురదలో విచ్చుకుంటూ, ముడుచుకుంటూ, ఎంత అందంగా నడవాలో అంత అందంగా నడుస్తున్నాయి. ఒక్క తలా అటు తిరగలేదు.

మొదటిదానికి ఎదురెళ్ళి గుండెల మీద బాదాడు. "అటు చూడు! అక్క పిలుస్తోంది!" యంత్రం అతన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్ళింది. మనుషులకు తగలకుండా నడవడం అతనే నేర్పాడు. రెండోదాని నడుము బెల్టు లాగేశాడు. అది బస్తాలతో సహా కుప్పకూలింది. పెట్టె తెరిచి చుట్ట లాగి చూశాడు. తళతళలాడే కొత్త తీగ. చుట్ట అంచున పేరు రాసి ఉంది. అతను చదవలేకపోయాడు. కానీ అక్క పేరున్న పాత చుట్ట మీద సుగుణ ఎర్రదారం కట్టేది. దీనికి దారం లేదు.

గుమాస్తా ఎక్కడున్నాడో చూశాడు. అతను మిల్లు మేడ మీద, రేకు బాకా పట్టుకుని కూర్చున్నాడు.

"వాటిని కాలవ దాటించవయ్యా! నీకు దణ్ణం పెడతాను! జనం పోతున్నారు!"

"బస్తాలవ్వనీ మేస్త్రీ! అయ్యగారి ఆర్డరు. ఇంకో వంద కూడా లేవు!"

దైవాధీనం మేడ మెట్లెక్కి బాకా లాక్కున్నాడు. అందులో తన గొంతుతో అరిచాడు. యంత్రాలు ఉలకలేదు. గుమాస్తా మెడ పట్టుకుని కాలవ వైపు తిప్పి చూపించాడు. గుమాస్తా బాకా అందుకుని, అందులో "అటు పదండి. ఎత్తుకోండి" అన్నాడు. యంత్రాలు బస్తాలు దించి కాలవలోకి దిగాయి. దిగి, అవతల గట్టెక్కి, చేతికందినవాళ్ళను ఎత్తుకోవడం మొదలుపెట్టాయి.

అరగంట ముందు దిగుంటే అందరూ దక్కేవారు. అరవై ఒక్కమంది పోయారు. చివరిదాకా పిల్లల్ని గట్టు మీదకి అందించిన అప్పయ్య కూడా పోయాడు.

ముత్యాలమ్మ బతికింది. సాయంకాలం మిల్లు అరుగు మీద, తడిబట్టల్తో కూర్చుని ఉంటే, దైవాధీనం వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. గొంతు పూర్తిగా పోయింది ఆమెకి. గుసగుసలాంటి శబ్దంతో అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలవదక్కా. మన అమ్మ మీద ఒట్టు."

"నీకు తెలవకుండా ఎట్టా మార్చారు? ఆ యంత్రాలు నీయి కదంట్రా?"

ఆమె మొహం తిప్పుకుంది.

*

మూడోరోజుకి బందరు దారి తెరిచారు. దైవాధీనం ఇంటికి కూడా వెళ్ళకుండా ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ముందు సుగుణ కనపడింది. అతన్ని చూడగానే చేతిలో పని వదిలేసి లేచి నిలబడింది.

"గుమాస్తాగారి గొంతు ఎక్కించమన్నారండీ అయ్యగారు. నేను అడిగాను, అక్కగారి గొంతు తీసేస్తే ఎలాగండీ అని. దైవాధీనంగారు ఒప్పుకున్నారు, ఇదిగో సంతకం అని చూపించారు. మీ సంతకం నేను ఎరుగుదును కదండీ. మీరు ఒప్పుకున్నాక నేనెంత అనుకున్నాను." ఆమె కళ్ళొత్తుకుంది. "మిమ్మల్ని ఒక్కమాట అడగాల్సిందండీ. అడక్కపోవడం నాదే తప్పు."

అద్దాల గదిలో పిచ్చేశ్వరరావు ఒక్కడే ఉన్నాడు. గడ్డం మాసింది. దైవాధీనాన్ని చూసి లేచి ఎదురొచ్చి, చేతులు పట్టుకోబోయాడు.

"బావా, అప్పయ్యగారి సంగతి విన్నాను. రెండ్రోజుల్నుంచీ అన్నం సయించడం లేదు నాకు."

దైవాధీనం చేతులు వెనక్కి తీసుకున్నాడు. "ఆరోజు లేతు దగ్గర నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పాను. నిజం చెబితే నువ్వు సంతకం పెట్టేవాడివి కాదు. పెట్టకపోతే గోడౌను వర్తకులతో ఒప్పందం పోయేది. అది పోతే ఫ్యాక్టరీ లేదు. నూట అరవై ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. తుఫానొస్తే ముందు ధాన్యం చేర్చి, వెంటనే మనుషుల దగ్గరికి పంపమనే గుమాస్తాతో చెప్పాను బావా. ప్రమాణం చేసి చెబుతున్నా. అంత తొందరగా ముంచుకొస్తుందని ఎవరనుకున్నారు?"

"ముందు ధాన్యం."

"ఊరు బతకాలంటే గింజలు ఉండాలి కదోయ్..."

"మా అమ్మ పేరు చెప్పి నన్ను ఈ పనిలోకి దింపావు," అన్నాడు దైవాధీనం. గొంతు పెంచలేదు. "మా ఊళ్ళో వాళ్ళు నా మొహం చూసి ఇచ్చారు. ఇప్పుడు ఆ మొహం వాళ్ళకి ఎలా చూపించాలో చెప్పు."

పిచ్చేశ్వరరావు తలొంచుకున్నాడు. "విచారణకి ఆఫీసరు వస్తున్నాడు. నీ మీదకి ఏమీ రానివ్వను. నేను చూసుకుంటాను," అన్నాడు.

అతను చూసుకున్న పద్ధతి విచారణలో తెలిసింది. ఆఫీసరు ముందు దైవాధీనం జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆఫీసరు కాగితం చూపించి, ఈ సంతకం నీదేనా అన్నాడు. నాదేనండీ అన్నాడు. ఇందులో గొంతు మార్పు అని స్పష్టంగా ఉందే, చదవకుండా పెట్టావా అన్నాడు. చదవడం రాదండీ, ఆయన చెప్పింది నమ్మానండీ అన్నాడు. ఎవరో నవ్వారు.

తర్వాత పిచ్చేశ్వరరావు లేచాడు. ఎంత ప్రేమగా మాట్లాడాడో!

"అయ్యా, దైవాధీనం నాకు బావలాంటివాడు. బంగారంలాంటి మనిషి. చదువులేనివాడు. నేను కాగితం వివరంగానే చెప్పాను. పనిలో ఉండి అతను సరిగ్గా విని ఉండడు. అయినవాళ్ళు పోయిన దుఃఖంలో ఏదో అంటున్నాడు. అతని మీద ఏ చర్యా తీసుకోవద్దని నా మనవి."

దైవాధీనం కుర్చీ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అరవై ఒక్కమంది పోయినరోజు కూడా లోపల ఎక్కడో ఒక మూల, బావ ఇలా కావాలని చెయ్యలేదు, ఏదో జరిగింది, అనుకునే చోటు ఒకటి మిగిలి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేవాడు. నింద మోపి ఉంటే కాదనేవాడు. జాలిపడితే ఏం చెయ్యాలి?

మార్పు విషయంలో మేస్త్రీ అజాగ్రత్త కనబడుతోందనీ, యజమాని విన్నపం మీద వదిలేస్తున్నామనీ నివేదికలో రాశారు. బయట మెట్ల మీద పిచ్చేశ్వరరావు వెనకే వచ్చాడు.

"చూశావా బావా, నీ మీదకి రానివ్వలేదు. రేపట్నుంచి పనిలోకి రా."

"రానండీ," అన్నాడు దైవాధీనం. "మీరు వెళ్ళండి. కారు ఆగి ఉంది."

పిచ్చేశ్వరరావు మొహం పాలిపోయింది. వెళ్ళి కారెక్కాడు.

*

దివి యంత్రశాల ఆ తర్వాత అయిదేళ్ళు నడిచింది. చుట్టుపక్కల ఏ ఊరూ ఇంక మరమనుషుల్ని ఊరి షెడ్డులో పెట్టనివ్వలేదు. పెట్టిన ఊళ్ళు తిప్పి పంపేశాయి. మద్రాసు కంపెనీ ఒకటి అదే పాదాన్ని మరికాస్త తేలిగ్గా చేసి అమ్మింది. అరవై ఎనిమిదిలో గేటుకి తాళం పడింది. అప్పటికి అచ్చువేసిన ఫ్యాక్టరీ చరిత్ర పుస్తకంలో, బురదలో నడిచే పాదం పిచ్చేశ్వరరావుగారు విదేశీ నమూనాలు పరిశీలించి కనిపెట్టారని ఉందట. పుస్తకం చూసిన సుగుణ కోపం పట్టలేక కోడూరుదాకా వచ్చి దైవాధీనంతో చెప్పింది. "పోనీలే సుగుణా," అన్నాడతను. అనడం అన్నాడు గానీ, ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు.

అతను కోడూరులో పంపుసెట్లు బాగుచేసుకుని బతికాడు. నాచుదిబ్బలో మిగిలినవాళ్ళు రెండు మైళ్ళు లోపలికి వచ్చి పాకలు వేసుకున్నారు. అతను వాళ్ళ మధ్యకి వెళితే ఎవరూ తిట్టలేదు. మాట్లాడుతున్నవాళ్ళు ఆగిపోయేవారు, అంతే. కాసేపు నిలబడి వచ్చేసేవాడు.

అరవై ఆరు వేసవిలో పేటవాళ్ళు తాముగా ఒక మెరక కట్టుకోవడం మొదలుపెట్టారు. యంత్రాల్లేవు. పలుగూ, పారా, తట్ట. పాకల పక్కన మనిషికి మూడింతల ఎత్తున మట్టిదిబ్బ, పైన మూడొందలమంది నిలబడేంత చోటు. ఎవరూ పిలవకపోయినా దైవాధీనం మొదటిరోజే వెళ్ళి తట్ట పట్టాడు. ఎవరూ వద్దనలేదు. రోజూ పొద్దున్న వెళ్ళి ఎండెక్కేదాకా మోసి, తర్వాత తన పంపుసెట్ల పనికి వెళ్ళేవాడు. రెండు వేసవులు అలాగే గడిచాయి. ముత్యాలమ్మ కూడా మోసేది. ఎదురుపడితే పక్కకి జరిగేది.

మూడో ఏడు తొలకరి పెద్ద వానకి మెరక తూర్పు వైపు కోసుకుపోయింది. రెండేళ్ళ చాకిరీలో నాలుగోవంతు బురదై కిందికి జారింది. పొద్దున్నే జనం చేరి చూసి, నిట్టూర్చి, మళ్ళీ పారలు అందుకున్నారు. దైవాధీనం నిండు తట్టతో పైకెక్కాడు. ఎక్కడ పొయ్యాలో తెలియలేదు, ఎక్కడ చూసినా గండే. పైన ముత్యాలమ్మ పార పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడ పొయ్యమంటావక్కా?"

ఆమె అతని వైపు చూడలేదు. పార కొసతో చూపించింది.

"అదుగో, ఆ మూలకి. తొక్కి గట్టిచెయ్యి, ఊరికే పోస్తే నిలవదు."

అతను మట్టి పోసి, కాళ్ళతో తొక్కసాగాడు. ఆరోజు వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే.